చీటీ అందలేదని చెప్పాను

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ మాట తడబడేది. మొదటి అక్షరం దగ్గర ఆగిపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని, కాసేపటికి మాట మొత్తాన్ని ఒక్కసారిగా బయటికి తోసేది. అమలాపురం కాన్వెంటులో వేసిన మొదటి రెండు మూడేళ్ళూ దానిచేత ఏ టీచరూ పైకి చదివించలేదు. దాని వంతు వస్తే పక్క పిల్లని లేపేవారు. అది కూడా ఒక రకంగా దయేనని నేను సర్దుకున్నాను.

రెండో తరగతిలో కొత్త టీచరు వచ్చారు. రాజోలు అవతల పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్ళే క్రైస్తవుల అమ్మాయి. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు ఉండేవేమో. ఆవిడ మా పిల్ల వంతు వదల్లేదు. నిలబెట్టి, పుస్తకం చేతికిచ్చి, మాట వచ్చేదాకా కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూస్తూ నిలబడేవారట. మిగతా పిల్లలు నవ్వితే వాళ్ళనీ ఏమీ అనేవారు కాదట. దసరా సెలవులు దాటేసరికి మా అమ్మాయి ఇంట్లో వాళ్ళ నాయనమ్మకి పాఠం చదివి వినిపించింది. నాలుగు వాక్యాలు. రెండుచోట్ల మాత్రమే ఆగింది. మా అత్తగారు చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి అలాగే విన్నారు.

ఇది తొంభైల చివరి మాట. మా వారు అప్పుడు మస్కట్‌లో ఎలక్ట్రీషియన్. అమలాపురానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని పల్లెలో నేనూ, అత్తగారూ, పిల్లా ఉండేవాళ్ళం. పిల్ల స్కూలు రిక్షాలో వెళ్ళి వచ్చేది.

ఆ స్కూల్లో డిసెంబరు ఇరవై దాటగానే సెమీ క్రిస్మస్ చేసేవారు. సరుగుడు కొమ్మ పాతి, దూది అంటించి, కాగితపు స్టార్ కట్టేవారు. పిల్లలు రంగు బట్టలు వేసుకెళ్ళేవారు. ఆ రోజున క్లాసు టీచరుకి ఏదో ఒకటి ఇవ్వడం ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, మా పిల్ల చేరేనాటికే అది అలవాటైపోయింది. సెంటు సీసాలు, స్టీలు డబ్బాలు, పూలకుండీలు, గల్ఫులో మనిషి ఉన్న ఇళ్ళ నుంచైతే చీరలు. హిందువులమైన మేమూ, రెడ్డి కాలేజీ సందులోని సాయిబుగారి ఇల్లాలూ, అందరమూ ఇచ్చేవాళ్ళమే. ఎవరు ఏమిచ్చారో సాయంత్రానికి గేటు దగ్గర అందరికీ తెలిసిపోయేది. అంతకు ముందు ఏడాది నేను గాజు పూలకుండీ పంపాను. జనవరిలో మా పిల్లని ముందు బెంచీకి మార్చారు. ఆ రెంటికీ సంబంధం ఉందని నేను నమ్మాను.

ఆ యేడు మా వారు పంపిన జపాన్ చీర ఒకటి విప్పకుండా బీరువాలో ఉంది. దానికి మెరుపు కాగితం చుట్టి, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకుల డబ్బా జతచేసి పిల్ల చేతికిచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ తేల్చుకోలేను. నా బిడ్డ నోట మాట తెప్పించినందుకు మనసారా ఇచ్చినదే. అయితే మూడో తరగతిలోనూ ఈవిడే ఉండాలి, నా పిల్లని అందరికంటే ఎక్కువ చూడాలి అన్న ఆశ కూడా ఆ కాగితం మడతల్లోనే ఉంది.

సాయంత్రం రిక్షా దిగిన పిల్ల చేతిలో చీర అలాగే ఉంది. కాగితం కూడా విప్పలేదు. సంచిలో ఒక చీటీ ఉంది.

‘మీ అభిమానానికి చాలా కృతజ్ఞురాలిని. చీర తిప్పి పంపుతున్నందుకు తప్పుగా అనుకోకండి. ఈ యేడు ఎవరి దగ్గరా తీసుకోకూడదని అనుకున్నాను. కారణం కలిసినప్పుడు చెబుతాను. పూతరేకులు మాత్రం తిప్పి పంపబుద్ధి కాక పిల్లలందరికీ పంచాను. అందరికీ సరిపెట్టేసరికి నాకు దక్కలేదు. ఈసారి తెప్పించినప్పుడు నాకోసం ఒకటి దాచండి. మీ పాప ఇవాళ అందరి ముందూ ప్రార్థనలో ఒక వాక్యం చదివింది.’

చదివి బీరువాలో పెట్టాను. పిల్ల పక్కనే నిలబడి ఉంది. అత్తగారు వంటింట్లోంచి అడిగారు.

“ఏవంటాది టీచరు?”

“చీర వద్దన్నారండి.”

“మరి పూతరేకులు?”

పిల్ల ముందుకొచ్చి, కళ్ళు మూసుకుని, “టీ... టీచర్ తినలేదు నాయనమ్మా” అంది.

“అదీ సంగతి! మన ఇంటి తీపి వాళ్ళకి పనికిరాదేమో,” అన్నారు అత్తగారు.

చీటీ తీసి చదివి వినిపిస్తే అక్కడితో అయిపోయేది. కానీ నాకు చీర తిరిగొచ్చిన అవమానం అప్పటికింకా పచ్చిగా ఉంది. రిక్షా అబ్బాయి చూశాడు, పక్కింటివాళ్ళు చూశారు. అత్తగారి మాటలో నాకేదో ఊరట దొరికింది. తప్పు నా చీరలో లేదు, ఆవిడలోనే ఉంది. ఊరుకున్నాను.

రెండు రోజుల తరవాత అమలాపురం బజారులో మా పిల్ల క్లాసులోనే చదివే మరో పిల్ల తల్లి కనిపించింది. వాళ్ళది బియ్యం వ్యాపారం. ఆవిడ తెచ్చిన గోడ గడియారాన్ని టీచరుగారు గేటు దగ్గరే చేతులు జోడించి వద్దన్నారట, అందరూ చూస్తుండగా. ఆవిడ మండిపడుతోంది.

“పీచు తాళ్ళు పేనుకునేవాళ్ళ పిల్ల రెండు బంతిపూలు తెస్తే తల్లో పెట్టుకుందంటండి! మనయ్యి పనికిరాలేదు. మీకేవన్నారు?”

“చీర తిప్పి పంపేరండి. పూతరేకులు నోట పెట్టలేదంటండి,” అన్నాను.

అన్నది అంతే. ప్రతి మాటా నిజమే. సెలవులు పూర్తయ్యేలోగా ఆ మాట ఊరంతా తిరిగి, మనం ఇచ్చిన తీపి అంటరానిదన్నట్టు టీచరు చూసిందట అనే దాకా వెళ్ళింది.

స్కూలు తెరిచాక కరస్పాండెంటుగారు పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. మేం వెళ్ళేసరికి టీచరుగారు బల్లకి ఒక పక్కగా నిలబడి ఉన్నారు. గడియారం ఆవిడ, మా అత్తగారు, నేను కుర్చీల్లో కూర్చున్నాం.

“చూడండమ్మా,” అన్నారాయన టీచరుగారితో. “చీరలూ గడియారాలూ వద్దనడం మీ ఇష్టం. తీపి సంగతే ఊళ్ళో వేరేగా నడుస్తోంది. మీరు నోట పెట్టలేదని పిల్లలే చెబుతున్నారు.”

“పిల్లలకి పంచేనండి. చివర్లో నాకు మిగల్లేదండి. ఆ మాట చీటీలో కూడా రాసేనండి వారికి.”

అందరూ నావైపు తిరిగారు. చీటీ నా చేతిసంచిలోనే ఉంది. ఆ పొద్దున బయలుదేరేటప్పుడు ఎందుకో తీసి పెట్టుకున్నాను. ఇద్దామనే కావచ్చు. కానీ పక్కన అత్తగారు ఉన్నారు. చీటీ బయటికి తీస్తే, పక్షం రోజులుగా అన్నీ తెలిసి నోరు మూసుకున్నది నేనని ముందు ఆవిడకే తెలుస్తుంది.

“చీటీ వచ్చిందా అండీ?” అన్నారు కరస్పాండెంటుగారు.

“మాకేం అందలేదండి,” అన్నాను.

టీచరుగారు నన్ను చూశారు.  తరవాత చాలా మెల్లిగా అన్నారు.

“దార్లో పడిపోయిందేమోనండి. చిన్నపిల్ల కదండి.”

“ఆయ్,” అన్నాను.

ఆ నెలాఖరుకి ఆవిడ రావడం మానేశారు. మానిపించారో, తనే మానేశారో నాకు తెలియదు. ఆవిడ స్థానంలో వచ్చిన టీచరు మా పిల్లని త్వరగా చదవమని అదిలించేది. వేసవి సెలవుల నాటికి పిల్ల నాలుగు వాక్యాల నుంచి మళ్ళీ తల ఊపడానికి వచ్చేసింది. ఏదడిగినా తలతోనే జవాబు. “మా టీచరు ఎప్పుడొస్తారు?” అని మాత్రం ఒక్కోసారి కళ్ళు మూసుకుని మరీ అడిగేది.

ఆవిడ కానుకలు వద్దన్న కారణం ఆ వేసవిలో తెలిసింది. పీచు కోసం మా దొడ్లో కొబ్బరి డొక్కలు కొనుక్కోవడానికి ఒకావిడ వచ్చింది. బంతిపూలు తీసుకెళ్ళిన పిల్ల తల్లి. తాళ్ళు పేనుతూ, పంతం పట్టి పిల్లని కాన్వెంటులో చదివిస్తోంది. మాటల్లో స్కూలు సంగతి వచ్చింది.

“ఆ టీచరుగారు దేవతండి,” అంది. “క్రిస్మస్ ముందు మా పిల్ల బడికెళ్ళనని మంచం దిగలేదండి. అందరూ ఏదోటి ఇత్తారు, నేనేటి ఇవ్వనూ అని ఒకటే ఏడుపు. మూడ్రోజులు రాలేదని ఆవిడే ఎతుక్కుంటా మా ఇంటికొచ్చేరు. మా అరుగుమీద కూచుని సంగతంతా ఇన్నారు. ‘ఈ యేడు నేనెవరి దగ్గరా ఏదీ తీసుకోను, పాపని పంపండి’ అన్నారండి. మర్నాడు మా పెరట్లో పువ్వులు కోసుకుని పరిగెట్టిందండి.”

ఆ డొక్కలు ఆవిడ ఎప్పుడు ఎత్తుకెళ్ళిందో నాకు గుర్తులేదు.

రాజోలు బస్సు ఎక్కి టీచరుగారి ఊరు వెళ్ళాలని చాలాసార్లు అనుకున్నాను. వెళ్ళి ఏమని చెప్పాలి? ఆ తరవాత ఏ టీచరుకీ నేనేమీ పంపలేదు. ఇవ్వకపోవడం మంచిదని తెలుసుకున్నానని కాదు. రంగు కాగితం చేతిలోకి తీసుకుంటే ఆ ఆఫీసు గది గుర్తొచ్చేది. గేటు దగ్గర నన్ను పిసినారి అనుకున్నారు. అనుకోనిచ్చాను. పంపని వాళ్ళ పిల్లని వెనక బెంచీకి మార్చిన టీచరూ ఉంది, మార్చనివారూ ఉన్నారు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలకి కొత్తపేటలో ప్రభుత్వ హైస్కూలు సెంటరు పడింది. మొదటి రోజు దాన్ని గేటు దగ్గర వదిలి గోడ నీడలో నిలబడ్డాను. గేటు దగ్గర హాల్‌టికెట్లు చూస్తున్నది ఆవిడే. కొంచెం ఒళ్ళు చేశారు, కళ్ళజోడు వచ్చింది. డీఎస్సీలో ఉద్యోగం వచ్చిందని తరవాత తెలిసింది. నేను ఆవిడని పోల్చుకునేలోపే హాల్‌టికెట్ మీద పేరు చూసి పిల్లని గుర్తుపట్టి, తల నిమిరి లోపలికి పంపారు. తరవాత నా దగ్గరకి వచ్చారు.

“బావున్నారా అండి?”

ఎనిమిదేళ్ళుగా సిద్ధం చేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను.

“ఆ చీటీ నాకు అందిందండి,” అన్నాను.

“తెలుసండి.”

“ఎలాగండి?” అన్నాను.

“చీటీ పంపిన మర్నాడే పాపని అడిగేనండి. అమ్మ చదివి బీరువాలో పెట్టిందని చెప్పింది.”

“మరి ఆ రోజు అందరి ముందూ ఎందుకు చెప్పలేదండి?”

“చెబితే పాపని పిలిచి అడిగేవోరు కదండి. అంతమంది పెద్దాళ్ళ మధ్య నిలబెట్టి, మీ అమ్మ అబద్ధం చెప్పిందా అని. అప్పుడప్పుడే మాటొస్తోంది దానికి.” ఆవిడ కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకున్నారు. “నాకు కోపం లేదని చెప్పలేనండి. నెల్లాళ్ళు ఇంట్లో చెప్పలేక, స్కూలుకని బయలుదేరి వచ్చి, రాజోలు బస్టాండులో సాయంత్రం దాకా కూర్చునేదాన్ని. మా నాన్నగారికి ఇప్పటికీ తెలీదు ఎందుకు మానేసేనో.”

గంట కొట్టారు. ఆవిడ వెళ్ళిపోయారు. క్షమించమని అడగనే లేదు నేను.

తిరుగు బస్సులో పిల్లకి అంతా చెప్పాను. ఆ ఆఫీసు గదిలో నేనన్నది కూడా. అది హాల్‌టికెట్ మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. తరవాత అడిగింది.

“న... నాకోసం అలా చెప్పేవా?”

“లేదమ్మా. నాకోసమే.”

“అయితే వాళ్ళ నాన్నగారికి నువ్వే చెప్పాలి,” అంది.

ఆ డిసెంబరులో ఇద్దరం వెళ్ళాం. చేతుల్లో ఏమీ లేకుండా వెళ్ళడం నాకెంత కష్టమైందో చెప్పలేను. దారిలో రెండుసార్లు పళ్ళ బండి దగ్గర ఆగబోయాను. పిల్ల చెయ్యి పట్టుకుని లాగింది. వాళ్ళింటి ముందు స్టార్ వేలాడుతోంది. పెద్దాయన అరుగుమీద పడక్కుర్చీలో ఉన్నారు. టీచరుగారు మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగి, “నా పాత స్టూడెంటండి నాన్నగారూ. వాళ్ళమ్మగారు,” అన్నారు.

“కూర్చోండమ్మా,” అన్నారాయన. “ఆ స్కూలంటే మా అమ్మాయికి ప్రాణం. ఎందుకు మానేసిందో ఎన్నిసార్లడిగినా చెప్పలేదు. పని సరిగ్గా చెయ్యలేదని తీసేసేరని మా బంధువులు అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.”

టీచరుగారు నాకు వద్దన్నట్టు సైగ చేశారు. నేను చెప్పాను. నిలబడే చెప్పాను, మొదటి నుంచి చివరిదాకా.  అయ్యాక ఆయన కూతురి వైపు చూశారు. ఆ చూపు నావైపు తిరుగుతుందని ఎదురుచూశాను, తిరగలేదు.

“వాళ్ళకి కేకు పెట్టమ్మా,” అని లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. మేమున్నంతసేపూ మళ్ళీ బయటికి రాలేదు. టీచరుగారు పళ్ళెంలో కేకు తెచ్చి పెట్టారు. పిల్ల తింది. ఆవిడ దాన్ని కాలేజీలో ఏ గ్రూపు తీసుకున్నావని అడిగారు. అది ఆగి ఆగి చెబుతుంటే, ఆవిడ తొందరపెట్టకుండా వాకిట్లోకి చూస్తూ విన్నారు.