షేరు తవ్విన బంతిమడి

ఆ రోజుల్లో కుక్కను పెంచడమంటే పొద్దునా సాయంత్రం ఇంటి ముందు ఇంత అన్నం పడేయడమే. అది ఎవరి కోడిని పట్టుకున్నా, ఎవరి చెప్పు ఎత్తుకుపోయినా "కుక్క గదా, దానికేం తెలుసు" అని ఊరుకునేవారు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ పార్కు గేటుకు ఒక బోర్డు వేలాడుతోంది. కుక్క చేసే నష్టానికి పూర్తి బాధ్యత యజమానిదే అని దాని మీద ఎర్రటి అక్షరాలు. ఆ బోర్డు రాసినవాళ్లు అదేదో కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే నాకు లోపల నవ్వొస్తుంది. ఏ బోర్డూ లేని కాలంలో, పటాన్‌చెరు పక్క ఒక ఫ్యాక్టరీ క్వార్టర్స్ పార్కులో, మోకాళ్ల దాకా బురదలో నిలబడి ఆ మాట అన్న మనిషిని నేను చూశాను. ఆయన మా బావ. నేను ఆ పక్కనే నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాను (ఆ వయసులో నేను చేసిన ముఖ్యమైన పనుల్లో చాలావరకు అలా నోరు తెరుచుకుని చేసినవే).

అప్పుడే ఐటీఐ ముగించి అప్రెంటిస్‌గా చేరి, అక్కా బావల క్వార్టర్లో మకాం పెట్టాను. మా బావ షిఫ్టు ఇన్‌చార్జి. ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, స్కూటర్ సీటు మీద రుమాలు పరవనిదే కూర్చోని మనిషి. ఫ్యాక్టరీలో ఏ బెల్టు తెగినా, ఏ బేరింగు విరిగినా చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడి ఒకటే మాట అనేవాడు. "ఏం పోయిందని నేను అడుగుత లేను. జిమ్మేదార్ ఎవరు?" బాధ్యుడెవరో తేలేదాకా అక్కడ ఎవరికీ చాయ్ కూడా దిగేది కాదు. ఇంట్లో పాలు పొంగినా అదే ప్రశ్న. ఒక్కోసారి పాలు పొంగితే నేను బజారులో ఉన్నా సరే, ఎందుకైనా మంచిదని "నేనే బావా" అనేసేవాణ్ని. అంత గొప్ప మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు లేడని నా నమ్మకం.

ఆయన కంటే గొప్పది మరొకటి ఆ ఇంట్లో ఉండేది. దాని పేరు షేరు. బదిలీ మీద వెళ్తూ ఒక పెద్ద ఆఫీసరు ఇచ్చిపోయిన ఆల్సేషన్. నిలబడితే నా నడుము దాటేది. దానికి ఇంగ్లీషు తప్ప వేరే భాష రాదు, నాకు తెలుగు తప్ప వేరే భాష రాదు. నేను "కూసో" అంటే నా వైపు జాలిగా చూసేది. బావ "సిట్" అంటే అది కూర్చునేది, అలవాటులో నేనూ కూర్చోబోయేవాణ్ని. రోజూ తెల్లవారగానే బావ దాన్ని కాలనీ పార్కుకు తీసుకెళ్లి గొలుసు విప్పేవాడు. "సారూ, గొలుసేసి తిప్పుర్రి, పువ్వు మడులున్నయ్" అని ఆడవాళ్లు అంటే, "గొలుసు బుద్ధిలేని కుక్కకమ్మా. మా షేరుకు మాటే గొలుసు" అనేవాడు. నిజంగానే అది ఆయన మాట వినకపోవడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

పార్కంటే ఫ్యాక్టరీవాళ్లు పార్కు అని పేరు పెట్టి వదిలేసిన ఖాళీ జాగా. ఒక సిమెంటు బెంచీ, తుప్పు పట్టిన జారుడుబండ, ఒక నల్లా. చుట్టుపక్కల షెడ్లు లేచి, పొగగొట్టాలు లేచి, బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు దొరికే బీళ్లు కరువయ్యాయి. అందుకని కాలనీ ఆడవాళ్లు ఆ జాగాను ఇంటికో మడి చొప్పున పంచుకుని బంతి వేశారు. వీళ్లందరికీ పెద్ద సైరన్ పెద్దమ్మ. ఫ్యాక్టరీ సైరన్ పాడైన రోజున ఈమె తన ఇంటాయన్ని నిద్ర లేపితే కాలనీ మొత్తం డ్యూటీకి వెళ్లిందని ప్రతీతి. ఆ ఇంటాయన మా బావ షిఫ్టులోనే పనిచేసేవాడు.

మా అక్కకు ఆ కాలనీలో అది మొదటి బతుకమ్మ. ఇన్‌చార్జి భార్య కాబట్టి అందరూ ఆమెతో మర్యాదగా ఉండేవారు, దూరంగానూ ఉండేవారు. నల్లా దగ్గర సాగుతున్న ముచ్చట ఈమె బిందె కనబడగానే ఆగిపోయేది. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, తన బతుకమ్మనూ వాళ్ల బతుకమ్మల పక్కన పెట్టి, వాళ్లతో కలిసి చప్పట్లు కొడుతూ తిరగాలని అక్క ఆశ. ఆ ఆశతో ఆ మడికి ఆమె చేసిన సేవ ఇంతా అంతా కాదు. అందులో ఒక సేవ రహస్యం. మా నాయనమ్మ నిమ్మచెట్టు మొదట్లో బొక్కలు (మా వైపు ఎముకలను అలాగే అంటాం) పాతిపెట్టేది, ఆ చెట్టు విరగ కాసేది. అక్క అది గుర్తు పెట్టుకుని, ఆదివారం మాంసం కూరలోని బొక్కలను, అందులోని మూలుగ నేను శ్రద్ధగా పీల్చేసిన తర్వాత, కడిగి తీసుకెళ్లి మడిలో పాతేది. తన మడిలోనే కాదు, అందరి మడుల్లోనూ.

"అందరికెందుకక్కా?" అని అడిగాను.

"మనది ఒక్కటే మంచిగ పూస్తే దిష్టి తాకుతదిరా. నోరు మూస్కో. అమ్మవారి పువ్వు కింద బొక్కలు వెట్టిన్నని తెలిస్తే నన్ను ఈ కాలనీల ఉండనియ్యరు."

పూలు మాత్రం పూశాయి. అబ్బో, ఏం పూలవి! పిడికిట్లో పట్టనంత ఒక్కో బంతి. సైరన్ పెద్దమ్మ మడుల మధ్య తిరుగుతూ "ఈ జాగల ఏదో మహిమున్నదే" అని మెచ్చుకుంటుంటే, అక్క తల వంచుకుని నీళ్లు పోసేది.

సద్దుల బతుకమ్మకు ముందు పెద్ద వాన పడింది. మట్టి కరిగి మహిమ కొంచెం పైకి తేలింది. తెల్లవారి బావ ఎప్పటిలాగే పార్కులో గొలుసు విప్పాడు. షేరు నాలుగడుగులు వేసి ఆగింది. ముక్కు పైకెత్తింది. బావ "కమ్" అన్నాడు. అది రాలేదు. "సిట్" అన్నాడు. కూర్చోలేదు. "స్టే, స్టాప్, నో!" అని తన దగ్గరున్న ఇంగ్లీషంతా ఖర్చు చేసి, అదీ అయిపోయాక, "ఓరి నీ తల్లి, ఇటు రారా!" అని మొదటిసారి దానితో తెలుగులో మాట్లాడాడు. షేరు అప్పటికే మొదటి మడిలోకి దూకింది. ఇక చూడాలి! ముందు కాళ్లతో తవ్వుతుంటే మట్టి, వేళ్లు, మొగ్గలు, పూలు దాని వెనక కాళ్ల మధ్య నుంచి ఆకాశానికి లేచాయి. ఒక మడి అయిపోగానే ఇంకో మడి. నిజం చెప్పొద్దూ, అంత మనసు పెట్టి పనిచేసేవాళ్లను మా వర్క్‌షాపులో కూడా నేను చూడలేదు. ఆపాలన్న ఆలోచనే రాక అలా చూస్తూ నిలబడ్డాను. బావ బురదలో దిగి, రెండుసార్లు జారిపడి, దాన్ని పట్టుకునేసరికి పార్కులో నిలబడి ఉన్నవి సిమెంటు బెంచీ, జారుడుబండ, నల్లా మాత్రమే.

కాలనీ అంతా వచ్చేసింది. బిందెలతో వచ్చినవాళ్లు బిందెలతోనే నిలబడిపోయారు. అక్క గేటు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. సైరన్ పెద్దమ్మ మోత కోసం అందరం చెవులు గట్టి చేసుకున్నాం. ఆమె వంగి, వేళ్లతో సహా లేచిపోయిన ఒక బంతి మొక్కను చేతిలోకి తీసుకుంది. ఎంత నెమ్మదిగా మాట్లాడిందంటే వెనకవాళ్లు ముందుకు జరగాల్సి వచ్చింది.

"సారూ, ఏం పోయిందని నేను అడుగుత లేను. జిమ్మేదార్ ఎవలు?"

మా బావను ఆ మాట అడిగిన మనిషి అప్పటిదాకా లేడు. బావ జవాబు చెప్పబోయి ఆగాడు. కాలి దగ్గర తెల్లగా ఏదో కనబడితే వంగి తీశాడు. బొక్క. ఆయనకు అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన పనే అది. చేతిలోని బొక్కను చూశాడు, గేటు దగ్గర రక్తం లేని అక్క మొహం చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను జారుడుబండ వైపు చూశాను. అయిపోయింది, అనుకున్నాను. ఆ బొక్కను పైకెత్తి చూపిస్తే చాలు, కుక్కది తప్పు కాదు, కుక్కగలాయనదీ తప్పు కాదు. ఇక అక్క బతుకమ్మ ఎత్తుకుని ఈ ఆడవాళ్ల మధ్యకు వెళ్లే మాట ఈ జన్మకు లేదు.

బావ ఆ బొక్కను, బురదతో సహా, ఇస్త్రీ ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

"కుక్క నాది. గొలుసు ఇప్పింది నేను. మీరు ముందుగాల్నే చెప్పిన్రు, నేను ఇన్లే. జిమ్మేదార్ నేనే" అన్నాడు.

ఫ్యాక్టరీలో అందరినీ నిలబెట్టి అడిగే మనిషి తల వంచుకుని నిలబడితే చిన్నబోతాడనుకున్నాను. లేదు. ఆ బురదలో ఆయన నాకు ఇంకా పొడుగ్గా కనిపించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో అప్పుడు తెలియలేదు.

"అంగట్ల కొనుక్కొచ్చి ఇస్త, అందరికీ" అని బావ అంటే పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "కొన్న పువ్వు వద్దు సారూ. బతుకమ్మకు పువ్వు కోసుక తెచ్చుడు మొగోళ్ల పని. మీరు ఎన్నడన్న తెచ్చిన్రా? రేపు పొద్దుగాల పోయి గునుగు, తంగేడు తేర్రి. కాలనీల ఏ ఇల్లు తప్పొద్దు. గా కుక్కను గూడ తీస్కపోర్రి, దానికి గూడ కష్టం తెల్వాలె."

మర్నాడు చీకటి విడవక ముందే, పక్క క్వార్టర్ చాచా ట్రాలీ ఆటోలో కొండాపూర్ పల్లెల వైపు బయలుదేరాం. వెనక బావ, నేను, గొలుసుతో షేరు. బావ ప్యాంటు మార్చాడు గాని బొక్కను కొత్త జేబులోకి మార్చుకున్నట్టున్నాడు, దారి పొడవునా షేరు అందులోంచి ముక్కు తీయలేదు. "సాబ్, మీ జేబుల ఏమున్నది? కుక్క ఇడుస్తనే లేదు, ఛోడ్తాచ్ నై" అని చాచా అడిగితే, బావ ఎటో చూస్తూ "రుమాలు" అన్నాడు.

ఊళ్లు దాటి ఒక మలుపు తిరిగేసరికి చాచా తనంతట తానే ఆటో ఆపేశాడు. ఎటు చూసినా గునుగు. తెల్లగా, కొసలకు లేత గులాబీ రంగుతో, మంచులో తడిసి, గాలి వస్తే చేను చేనంతా వంగి లేస్తోంది. గట్ల మీద పచ్చటి తంగేడు. పొగగొట్టాల కింద బతుకుతూ, ఇంత పువ్వు ఇంత దగ్గర్లో ఎవరూ నీళ్లు పోయకుండానే ఉందని నాకు తెలియదు. బావ ఆటో దిగాడు. తర్వాత గొలుసును నడుముకు చుట్టుకుని, గట్టు మీది ముసలి రైతు దగ్గరకు వెళ్లాడు. "అయ్యా, పువ్వు కోసుకుంటం. కుక్కున్నది, నేను పట్టుకునే ఉంట" అన్నాడు. ఆ ముసలాయన మమ్మల్ని, షేరును మార్చి మార్చి చూసి, "కోసుకోర్రి బిడ్డా, నాకు కలుపు తీసినట్టయితది. గది కుక్కనా, దూడనా?" అన్నాడు.

బావకు కొడవలి పట్టడం రాదు. చెయ్యి గీసుకుంది, చొక్కా చిరిగింది, ఇస్త్రీ మడత ఏ చేనులో పోయిందో తెలియదు. షేరు ఎటు లాగితే అటు వంగి, అటే ఉన్న గునుగు కోశాడు. ఎండ ఎక్కాక గట్టు మీద కూర్చుని, జేబులోంచి ఆ బొక్క తీసి షేరు ముందు పెట్టాడు. "తిను. సబూత్ ఖతం, ఇగ సాక్ష్యం లేదు" అన్నాడు.

"బావా, అక్కను అడుగుతవా?" అన్నాను భయం భయంగా.

"ఏమని? నాకేం తెల్వదు. నీకు గూడ తెల్వదు. అందరి మడులల్ల వెట్టింది సూడు, గది చాలు."

మేం తిరిగి వచ్చేసరికి ఆడవాళ్లంతా గేటు దగ్గరే ఉన్నారు. ట్రాలీ కనబడలేదు వాళ్లకు, పూలకొండ ఒకటి నడిచి వస్తున్నట్టు ఉందట. కొండ మీద ముక్కుకు గునుగు రేకులు అంటించుకుని షేరు తుమ్ముతోంది. పెద్దమ్మ మా బావ గీసుకుపోయిన చేతులు చూసి, "పసుపు పెట్టవే బిడ్డా" అంది అక్కతో. అక్కను ఆమె బిడ్డా అనడం అదే మొదటిసారి.

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఆ తవ్విన పార్కులోనే నేల చదును చేసి బతుకమ్మలు పెట్టారు. అక్క బతుకమ్మ మధ్యలో. పాట ఎత్తుకునే ముందు పెద్దమ్మ అక్క చెయ్యి పట్టుకుని తన పక్కకు లాక్కుంది. నేను సత్తుపిండి ప్రసాదం పళ్లెం పట్టుకుని వాళ్ల వెనకే ఉన్నాను కాబట్టి ఆమె చెవిలో చెప్పింది నాకూ వినబడింది. (సైరన్ గుసగుస కూడా అంతే మరి.)

"వచ్చే యేడు బొక్కలు జెర లోతుకు వెట్టు బిడ్డా."

అక్క బిత్తరపోయి చూసింది, ఆ తర్వాత ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయి నవ్వారు. ఆ నవ్వు దేనికో తెలియక దూరంగా బెంచీ మీద కూర్చున్న బావ నా వైపు చూశాడు. నేను మళ్లీ జారుడుబండ వైపు చూశాను.

షేరు ముసలిదై చనిపోయింది. బావ రిటైరయ్యాడు. కానీ ఏటా బతుకమ్మకు ముందు చీకటితో లేచి గునుగుకు వెళ్లడం మానలేదు. చేలు ప్లాట్లయిన కొద్దీ ఇంకా ఇంకా దూరం పోయేవాడు. "షేరు పోయి ఇన్నేండ్లాయె, ఇంకెందుకు బావా" అని ఒకసారి అడిగితే, "జుర్మానా ఎన్నేండ్లని పెద్దమ్మ చెప్పలే గదరా" అన్నాడు. ఇప్పుడాయన మోకాళ్లు సహకరించడం లేదు. రెండేళ్లుగా ఆ పని నాది.

మొన్న మా అపార్ట్‌మెంట్ పార్కులో, నా కుక్క (పిడికెడంత ఉంటుంది, షేరు చూస్తే తుమ్మేది) ఎర్ర అక్షరాల బోర్డు కిందే చామంతి మొక్కను వేళ్లతో సహా పీకింది. వాచ్‌మన్ కర్ర ఊపుకుంటూ వచ్చి, "ఈ కుక్క ఎవలది సార్?" అని అడిగాడు. ఇంత వయసొచ్చాక కూడా ముందు నా కళ్లు అక్కడి జారుడుబండ వైపే వెళ్లాయి. తర్వాత చెయ్యెత్తాను.