చేపల గదిలో ఆయన నడక

దయ్యాల మాటెత్తితే నేను మొదట్నుంచీ నవ్వేదాన్నే. కూడలిలో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయలను చెప్పుతో పక్కకు నెట్టి నడిచిన మనిషిని. మా అత్త బతికున్నన్నాళ్లూ ఇందుకు నన్ను తిడుతూనే ఉండేది. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం సంగతని నేననను. చూసింది చూసినట్టు చెబుతాను. ఏమనుకుంటారో మీ ఇష్టం.

మాది సిరిసిల్ల. నా పుట్టిల్లు కోరుట్ల. మా ఆయన రాజేశం ఇరవై ఏళ్లు మరమగ్గాలు నడిపాడు. నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, ఇక మగ్గాల దగ్గరికి పోతే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాక నాలుగు మగ్గాలూ అమ్మేశాం. ఆ తర్వాత ఆయన ఖాళీ షెడ్డులో కూర్చుని గోడను చూసేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. నాకు భయం పట్టుకుంది. అప్పట్లో మా ఊళ్లో అలా గోడను చూస్తూ కూర్చున్న మగవాళ్లు కొందరు ఏమయ్యారో నాకు తెలుసు.

ఒకసారి కోరుట్లలో మా అన్న ఇంటికి వెళ్లి వస్తూ ఒక కవర్లో రెండు ఏంజెల్ చేపలు తెచ్చాడు. పెళ్లయిన నాటి నుంచి నాకు మూరెడు పూలు తేవడం చేతకాని మనిషి చేపలు తెచ్చాడని వెక్కిరించాను. ఆయన నవ్వాడు. నవ్వి ఎన్ని నెలలైందో.

రెండేళ్లలో షెడ్డు చేపల గది అయింది. అద్దాలు కోయించి, అంటించి, పద్నాలుగు తొట్లు తనే కట్టాడు. ఇనుప స్టాండ్ల మీద రెండు వరుసలుగా పెట్టాడు. కొళాయి నీళ్లను డ్రమ్ముల్లో పట్టి, బ్లీచింగు వాసన పోయేదాకా రెండు రోజులు ఉంచి, అప్పుడు పోసేవాడు. ఒకటే పెద్ద గాలి పంపు. దాన్నుంచి గోడ పొడవునా పైపు, ఒక్కో తొట్టికి ఒక్కో సన్న గొట్టం. చేపపిల్లలు పెరిగితే కోరుట్ల, జగిత్యాల దుకాణాలకు ఇచ్చి వచ్చేవాడు. తొట్లు ఎప్పుడూ కిక్కిరిసి ఉండేవి కాబట్టి గాలి ఆగితే చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేవి.

కరెంటు పోయిన సంగతి మాకు చెప్పేది మగ్గాలే. పగలంతా వీధి మోగుతూనే ఉంటుంది, కరెంటు పోగానే ఒక్కసారిగా మూగబోతుంది. అది వినపడగానే నేను పొయ్యి మీద కూర వదిలేసి పరుగెత్తేదాన్ని. ఇద్దరం చెంబులతో నీళ్లు ముంచి పైనుంచి ధారగా పోసేవాళ్లం. అలా పోస్తే నీళ్లలో గాలి కలుస్తుంది. మళ్లీ మగ్గాలు మొదలయ్యేదాకా పోస్తూనే ఉండేవాళ్లం.

రోజూ సాయంత్రం నాలుగింటికి ఆయన తొట్ల ముందు ఒక చుట్టు తిరిగేవాడు. మగ్గాల మధ్య తిరిగిన అలవాటే అది. తలుపు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో తొట్టి ముందు ఆగి, దారం తెగిందేమో చూసినట్టు వంగి చూసేవాడు. ఏ తొట్టి ముందు నిలబడితే ఆ తొట్టి చేపలు అద్దానికి అంటుకునేవి. తొమ్మిదో తొట్టిలో ఆ మొదటి ఏంజెల్ జంట ఉండేది. అక్కడ ఎక్కువసేపు నిలబడేవాడు. నేను మేత వేసినప్పుడు అవి నా చేతి కోసం వచ్చేవి గానీ, అలా వెంట తిరిగేవి కావు.

తెలంగాణ కోసం ఊరూరా సమ్మె జరుగుతున్న రోజుల్లో ఆయనకు ఆయాసం ముదిరింది. బస్సుల్లేవు. ఎవరిదో వ్యాను పట్టుకుని జగిత్యాల ఆస్పత్రికి తీసుకెళ్లారు. మా మరిది శంకర్ ఉండేది అక్కడే. నేనూ ఎక్కబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు రాకు. నువ్వొస్తే వాటిని ఎవలు జూస్తరు? నేను మంచిగై వస్త. అవి నన్ను మర్వకముందే వస్త."

మూడో రోజు నాలుగింటికి నేను గది చివర డ్రమ్ము దగ్గర నీళ్లు తోడుతున్నాను. తలుపు దగ్గరి తొట్టిలో చేపలన్నీ అద్దానికి వచ్చాయి. కాసేపటికి విడిపోయాయి. వెంటనే రెండో తొట్టిలో వచ్చాయి. తర్వాత మూడోది. నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తొమ్మిదో తొట్టి దగ్గర ఏంజెల్స్ చాలాసేపు అద్దాన్ని వదల్లేదు. పద్నాలుగో తొట్టితో ఆగిపోయింది.

నీడేదో పడి ఉంటుందనుకున్నాను. మర్నాడు తలుపు వేసి, కిటికీకి దుప్పటి కట్టి, లైటు వేసి మూలన కూర్చున్నాను. అదే వరుస, అదే తీరు. ఆ మర్నాడు సరిగ్గా ఆ వేళకే పక్కింటి జరీనా చక్కెర కోసం వచ్చింది. లంగాలు కుట్టే మనిషి, మా ఆయన్ను రోజూ చూసేది. నేను ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చేపల గది గడపలో నిలబడి తనే అడిగింది.

"భాయ్ వచ్చిండా భాభీ? చెప్పనే లేదు?"

"రాలే. ఎందుకట్ల అడిగినవ్?"

"మరి చేపలు గట్ల తిరుగుతున్నయ్? భాయ్ ముంగట నడిస్తెనే గట్ల జేస్తయ్ గదా." అంటూనే గదంతా వెతికి చూసింది. చక్కెర తీసుకోకుండానే వెళ్లిపోయింది.

ఆయనకేమైనా అయిందేమోనని ఫోన్ చేశాను. శంకర్ ఎత్తాడు.

"అన్న మంచిగనే ఉన్నడు వదినా. రోజు నాలుగింటికి కండ్లు మూసుకుంటడు, పిలిచినా పలుకడు. గంతే. లేచి చాయ్ తాగుతడు. రెండు మూడు దినాలల్ల ఇంటికి పంపుతమన్నరు."

ఆయన ఫోన్ తీసుకుని, "నాలుగో తొట్ల నీళ్లు తెల్లగైనై. మార్చు," అన్నాడు. వెళ్లి చూస్తే నిజంగానే మబ్బుగా ఉన్నాయి. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నేనే గమనించలేదు.

అబద్ధమెందుకు, ఆ తర్వాత నాకు భయం వెయ్యలేదు. నాలుగింటికి తల దువ్వుకుని గదిలోకి వెళ్లేదాన్ని. తొట్టి తొట్టికీ చూపు తిప్పుకుంటూ ఆయనతో పాటు నడిచినట్టే ఉండేది. చేపలున్నన్నాళ్లూ ఆయన వస్తాడు, ఇంకో రెండు రోజుల్లో మనిషే వస్తాడు. అంతే నాకున్న ధీమా.

అప్పుడు బంద్ వచ్చింది. ఆ రోజు మగ్గాలు కూడా ఆపేశారు. రోడ్డు మీద వంటా వార్పు, డప్పులు. నేను ఇంటి ముందు గద్దె మీద చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చున్నాను. వీధి నిశ్శబ్దంగా ఉంటే హాయిగా కూడా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆ నిశ్శబ్దంలో కరెంటు ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. చలువ రోజులు, ఫ్యాను అవసరం లేదు. పట్టపగలు, లైటు అవసరం లేదు. బొగ్గు గనుల్లోనూ సమ్మె కావడంతో కోతలు పెరిగాయని తెలుసు. అయినా ఈ ఊరికి కాపురానికొచ్చినప్పటి నుంచి మగ్గాలు ఆగితేనే కరెంటు పోయినట్టు నాకు. ఆ రోజు అవి ఆగి ఉన్నది బంద్ కోసమని నేను నిశ్చింతగా ఉన్నాను. లేచి ఒక్క స్విచ్చు వేసి చూడలేదు.

నాలుగింటికి తల దువ్వుకుని తలుపు తీశాను.

పదమూడు తొట్లలో ఒక్క చేపా బతికి లేదు. ఏంజెల్ జంట పక్కపక్కనే తేలుతోంది. ఒక్క గౌరామిల తొట్టి మాత్రం మిగిలింది. అవి పైకొచ్చి బయటి గాలి పీల్చి బతకగలవు. అవి కూడా ఆ రోజు ఎవరి కోసమూ అద్దం దగ్గరికి రాలేదు. పంపు మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. తెలిసి తెలిసి చచ్చిన చేపల మీద చెంబుతో నీళ్లు పోస్తూ ఏడ్చాను. జరీనా వచ్చి నా చేతిలోంచి చెంబు లాక్కుంది.

ఆ సాయంత్రం నేను ఫోన్ చెయ్యలేదు. మర్నాడు ఆయనే చేశాడు.

"చేపలెట్లున్నయే?"

"మంచిగున్నై."

"నిన్న నేనొచ్చిన. గౌరామిల తొట్ల తప్ప ఏడ ఎవలు లేరు."

అయినా అన్నాను. "కల పడ్డట్టుంది నీకు. అన్ని మంచిగున్నై. పొద్దుగాల మేత గూడ తిన్నయ్."

"సరే తియ్," అన్నాడు. ఫోన్ శంకర్‌కు ఇచ్చేశాడు.

ఆ పూట నుంచి గోడ వైపు తిరిగి పడుకున్నాడట. చాయ్ వద్దన్నాడట, ఇంటికి పంపుతామంటే ఉలకలేదట. మూడో రోజు పోయాడు. ఊపిరితిత్తుల్లో చీము పట్టిందన్నారు డాక్టర్లు. ఆయన్ను ఇంటికి తెస్తుంటే కథలాపూర్ దగ్గర రోడ్డు మీద రాస్తారోకో చేస్తున్నవాళ్లు వ్యానులోకి చూసి, రాళ్లు పక్కకు జరిపి, దారిచ్చారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. మేమూ జై కొట్టినవాళ్లమే.

గాలి ఆగితే గౌరామిలే మిగులుతాయని రాజేశానికి తెలియనిదా, ఊహించి అన్నాడంటాడు మా అన్న. కావచ్చు. మరి జరీనా చూసిందేమిటి? నాలుగో తొట్టి నీళ్ల మాటేమిటి? ఏళ్లు గడిచాయి, తెలంగాణ వచ్చింది, ఈ లెక్క నాకు తేలలేదు.

అన్నిటికన్నా నన్ను తినేస్తున్నది చేపలు చచ్చిపోవడం కాదు. అంత దూరం నుంచి వచ్చి కళ్లారా చూసి చెబితే, కల అని కొట్టిపారేశాను. "పోయినై, తప్పు నాదే, నువ్వు రా, మళ్ల పెట్టుకుందాం" అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆయన ఎలా వచ్చేవాడో నేను చెప్పలేను. ఎందుకు రాకుండా పోయాడో మాత్రం నాకు తెలుసు.