పంచాంగం ప్రకారం, కిటికీ ప్రకారం

నిన్న టపాలో ఒక కరపత్రం వచ్చింది. ఆక్లాండ్‌లోని మా రచయితల బృందం వార్షికోత్సవం చేసుకోబోతున్నదట, సంతోషమే. అయితే అందులో రెండో పేరాలో, "సుమారు ఇరవయ్యేళ్ళ క్రితం కొందరు భాషాభిమానులు అప్పుడప్పుడూ కలుసుకోవడంతో ఈ బృందం మొదలయింది" అని అచ్చువేశారు. సుమారు, కొందరు, అప్పుడప్పుడూ! ఒక్క వాక్యంలో మూడు తప్పులు. ఆ కొందరు ఇద్దరు. నేను చేరిన తరువాత ముగ్గురు. ఆ అప్పుడప్పుడూ అన్నది ప్రతి నెలా రెండో శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. తేదీలు, హాజరుపట్టీతో సహా అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఈ మాట ఫోనులో చెబితే ఇప్పటి కార్యదర్శి, "అంత డీటెయిల్ ఎవరు చదువుతారంకుల్?" అన్నాడు. చదవరని రాయడం మానేస్తే ఇక మిగిలేది ఇటువంటి కరపత్రాలే. ఆ కోపంలోనే అటక మీది నోటుపుస్తకాలు దింపించాను. దింపించింది తప్పులు దిద్దడానికి. చదవడం మొదలుపెట్టాక మాత్రం కోపం ఎక్కడో జారిపోయి, ఆనాటి అయోమయమే మళ్ళీ పేజీ పేజీకీ ఎదురు వచ్చింది.

నేను ఏలూరులో రెవిన్యూ శాఖ రికార్డు గదిలో ఉద్యోగవిరమణ చేసినవాణ్ణి. మా ఆవిడ పోయిన తరువాత, రెండువేల అయిదు ఫిబ్రవరిలో, ఆక్లాండ్‌లో మౌంట్ రాస్కిల్ అనే పేటలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. ఊళ్ళో నన్ను కవి అనేవారు. కవిసమ్మేళనానికి వెళితే మొదటి వరసలో కుర్చీ, పద్యం ఎత్తుకోగానే "మళ్ళీ, మళ్ళీ" అనే కేకలు, చివర ఒక శాలువా. ఇంట్లో బీరువా ఒక అర పూర్తిగా శాలువాలతో నిండి ఉండేది. ఇక్కడ పగలంతా ఇంట్లో నేనూ, వాషింగ్ మెషీనూ. నెల తిరక్కుండానే అమ్మాయికి నా మీద దిగులు పట్టుకుని, పక్క పేట సాండ్రింగ్‌హామ్‌లో కిరాణా కొట్టు గోడ మీద ఒక చీటీ చూసివచ్చి, "తెలుగులో రాసేవాళ్ళు ఉన్నారు నాన్నా, ఒక చర్చి వెనక గదిలో కలుస్తారట" అని చెప్పింది. నేను ఉతికిన పంచె కట్టుకుని, కండువా వేసుకుని వెళ్ళాను. సభ ఎక్కడ అని వెతుక్కుంటూ ఉండగా, ఆ సభ నా ముందే రెండు ప్లాస్టిక్ కుర్చీలలో కూర్చుని టీ తాగుతున్నదని తెలిసింది.

ఒకామె గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు. వృద్ధులు ఉండే కేర్ హోమ్‌లో పని. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చేది. రెండో ఆయన కరీంనగర్ మనిషి. ఇక్కడ పాలు, రొట్టె, పేపర్లు అమ్మే చిన్న కొట్టును డెయిరీ అంటారు. అటువంటిది ఒకటి నడుపుతూ, కౌంటరు వెనుక నిలబడి, వచ్చిపోయేవాళ్ళ మీద కథలు రాసేవాడు. వీరి పద్ధతి నాకు ఎంతకీ అంతుపట్టలేదు. రాసినవారు తమ రచనను తాము చదవకూడదు, వేరొకరు చదవాలి. చదివిన తరువాత మిగిలినవారు మాట్లాడుతుంటే, రాసినవారు నోరు విప్పకూడదు. అన్నింటినీ మించి, "బాగుంది", "అద్భుతం" అన్న మాటలు నిషిద్ధం. అన్నవారు ఆనాటి టీ కప్పులన్నీ కడగాలి. మొదటిరోజు నేను మర్యాద తెలిసినవాణ్ణి గనుక, నర్సుగారి కవిత పూర్తికాగానే "అద్భుతం" అన్నాను. తప్పు తెలిసి "క్షమించాలి, కానీ చాలా బాగుంది" అన్నాను. ఆమె నవ్వు ఆపుకుంటూ, "అంకుల్ పెద్దాయన, వదిలేద్దామండి" అన్నది. డెయిరీ ఆయన ఒప్పుకోలేదు.

"రూల్ రూలే మేడం. సార్ గవర్నమెంటు ఆఫీసుల చేసిండు గద, రూల్ సంగతి ఆయనకు ఎరుకే."

కప్పులు కడిగాను. ఇంటికి వచ్చి ఆ సంగతి కూడా తేదీ వేసి రాసుకున్నాను. ఇది సన్మానమో, అవమానమో తేల్చుకోలేక పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాను.

మరుసటి నెల రెండో శనివారం సరిగ్గా ఉగాది పడింది. ఇంతకన్న సుముహూర్తం దొరకదని, వసంతం మీద సీసమాలిక రాసి పట్టుకుపోయాను. మామిడి చిగుళ్ళు, గండుకోయిల, మలయానిలం, ఏ ఒక్కటీ వదలలేదు. పద్ధతి ప్రకారం దానిని డెయిరీ ఆయన అందుకున్నాడు. రాగం లేదు, విరుపు లేదు. సరుకుల జాబితా చదివినట్టు చదివాడు. సమాసం పొడుగైన చోటల్లా ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. నా పద్యం నా ముందే అలా కుంటుతూ నడుస్తుంటే కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అయిపోయాక ఆయన కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టాడు. ఆ జాగ్రత్తను నేను మెచ్చుకోలు అనుకున్నాను.

"సార్, ఒక్క మాట," అన్నాడు ఆయన. "గీ మామిడి చిగురు ఏడ కనవడ్డది మీకు? రాస్కిల్ల నాకైతే ఒక్క మామిడిచెట్టు కనవడలే."

నర్సుగారు కిటికీ వైపు చూసింది. బయట రోడ్డు పక్క చెట్లనుంచి ఎండుటాకులు రాలుతున్నాయి. "ఏప్రిల్ కదంకుల్, ఇక్కడ సీజన్లన్నీ తలకిందులు, ఇప్పుడు ఆటమ్. రేపట్నుంచి చలి మొదలవుతుంది. ఈ కోయిల ఏలూరు కోయిలండి. మీరు చూడకుండా రాశారు," అన్నది.

నాకు మాట్లాడే హక్కు లేదు. వసంతాన్ని చూసి రాయాలా? చైత్రం వస్తే వసంతం వచ్చినట్టే కదా! అది నా అభిప్రాయం కాదు, పంచాంగం. ఇంటికి వెళ్ళి, చెప్పులు విడవకుండానే, "నాకు టిక్కెట్టు కొను, ఏలూరు వెళ్ళిపోతాను, ఇక తిరిగి రాను" అని అమ్మాయితో చెప్పాను. నిజానికి నన్ను కోసేస్తున్న భయం వేరు. ఆ ఇద్దరూ చెప్పినది సరి అయితే, నేను ఇన్నేళ్ళూ రాసినది కవిత్వమేనా? నేను కవినేనా, లేక నలుగురూ కలిసి శాలువా కప్పిన ఒక గుమాస్తానా?

"పద్యం బాగోలేదన్నారని దేశం వదిలి వెళ్ళేవాళ్ళు ఉంటారా నాన్నా?" అన్నది అమ్మాయి. "అక్టోబరులో నాకు లీవు దొరుకుతుంది. నేనే దగ్గరుండి తీసుకెళ్ళి దిగబెడతాను. అప్పటిదాకా ఓపిక పట్టండి."

అక్టోబరు దాకా ఆరు నెలలు. ఊరికే కూర్చునే స్వభావం కాదు నాది. వారి మీద అప్పీలు వేయదలచాను. అప్పీలుకు సాక్ష్యాధారాలు కావాలి. కొత్త నోటుపుస్తకం తీసి, నిలువుగా గీత గీసి, ఎడమ వైపు "పంచాంగం ప్రకారం" అనీ, కుడి వైపు "కిటికీ ప్రకారం" అనీ రాశాను. ఎడమ వైపు గడులు ఒక్క పూటలో నింపాను. అది కంఠతా వచ్చినదే. కుడి వైపు గడులు నన్ను తిప్పలు పెట్టాయి. వైశాఖం, వసంత రుతువు. కిటికీ ప్రకారం, పొద్దున గడ్డి మీద మంచు, ఎదురింటి చెట్టుకు తొమ్మిది ఆకులు. జ్యేష్ఠం, గ్రీష్మం, కిటికీ ప్రకారం, రెండు స్వెట్టర్లు. శ్రావణంలో వాన పట్టుకున్నప్పుడు రెండు గడులూ ఒకటయ్యాయని సంబరపడ్డాను గానీ, అది చలికాలపు వాన అని అమ్మాయి నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లింది. ఒకరోజు పొద్దున ఎండ, మధ్యాహ్నం వడగళ్ళు, సాయంత్రం ఇంద్రధనుస్సు; ఒకే గడిలో మూడు రుతువులు ఇరికించవలసి వచ్చింది. ఆక్లాండ్‌లో ఇది మామూలేనట. మామూలు సంగతులు ఎవరూ ముందుగా చెప్పరు.

ఇంకొక చిక్కు వచ్చింది. చూసినదానికి పేరు రాయాలి కదా. తామరకు సంస్కృతంలో ఎన్ని పేర్లున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కిటికీ ముందున్న చెట్టు పేరు మాత్రం తెలియదు. ఆకు ఒకటి తుంపుకుని డెయిరీకి వెళ్ళేవాణ్ణి. ఆయన దానిని కౌంటరు మీద పెట్టి, పేపరు కొనడానికి వచ్చిన ప్రతి తెల్లవారికీ, ఈ నేల మూలవాసులైన మావోరీవారికీ చూపించి అడిగేవాడు. వాళ్ళు పేరు చెప్పడమే కాక, ఆ చెట్టు మీద వాళ్ళ నాయనమ్మ ఏమనేదో కూడా చెప్పి పోయేవారు. వారానికి మూడు ఆకుల చొప్పున నడిచింది.

"సార్, రోజు ఆకు వట్టుకొని వస్తరు, ఒక్కపారి గూడ పాలు కొనరు," అని ఆయన వేళాకోళం చేసేవాడు. "నా షాపు ఆయుర్వేదం దుకాణమైతున్నది."

అప్పీలు కోసం ఆధారాలు సేకరిస్తున్నానని ఆయనకు చెప్పలేదు. అసలు ఆ ఆధారాలు నాకే వ్యతిరేకంగా ఉన్నాయని తెలిసి కూడా ఎందుకు సేకరిస్తున్నానో నాకే తెలియలేదు. నెలనెలా బృందానికి వెళ్ళడం మానలేదు. ఎదుటివారి రచనలు చదివాను, విన్నాను, సొంతది ఒక్క పంక్తి ఇవ్వలేదు. సెప్టెంబరు నెలలో, పంచాంగం ప్రకారం భాద్రపదం, వర్ష రుతువు, కిటికీ ముందు చెట్టు ఒంటినిండా పసుపు రంగు పూలు వేలాడదీసుకుంది. దాని పేరు కోఫై అని అప్పటికి తెలుసు. మెడ దగ్గర తెల్లని కుచ్చు ఉన్న నల్లని పిట్ట ఒకటి, టూయీ, వచ్చి కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ తేనె తాగింది. కుడి గడిలో ఆ సంగతి రాయబోతే గడి చాలలేదు. కాగితం మార్చాను. గణాలు కుదరలేదు, ఛందస్సులో కోఫైకి చోటు వెతికి వెతికి, చివరికి ఛందస్సే పక్కన పెట్టాను. అరవై ఆరేళ్ళ వయసులో, యతి ప్రాస లేకుండా రాసిన మొదటి తెలుగు అది. దానిని కవిత అనాలో, ఫిర్యాదు అనాలో కూడా నాకు తెలియలేదు.

అక్టోబరు రెండో శనివారం, ప్రయాణానికి పన్నెండు రోజులు ఉన్నాయి. వీడ్కోలు చెప్పి వద్దామని వెళ్ళి, చెప్పే ధైర్యం లేక కాగితం డెయిరీ ఆయన చేతికి ఇచ్చాను. ఆయన మామూలుగానే, సరుకుల జాబితా చదివినట్టే చదివాడు.

ఆకులు రాల్చుకున్నాక
కోఫై పసుపు కట్టుకుంది.
మెడలో తెల్లకుచ్చుతో టూయీ వచ్చి
ముందు దగ్గింది,
తరువాత పాడింది.

అక్కడ ఆగిపోయాడు. "దగ్గింది గద! నిజం సార్, గది దగ్గుతది! మా షాపు ముంగట వైరు మీద కూసొని పొద్దుగాల ముసలోని లెక్క దగ్గుతది!" అని, పద్యం వదిలేసి ఆ దగ్గు ఎలా ఉంటుందో దగ్గి చూపించాడు. నర్సుగారు నవ్వలేదు. కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని, తనలో తాను మళ్ళీ ఒకసారి చదువుకున్నది.

"ఇది నాకొక కాపీ ఇవ్వండంకుల్," అన్నది. "మా అమ్మాయి స్కూల్లో ఈ చెట్టు కిందే ఆడుకుంటుంది. తెలుగంటే అమ్మమ్మ ఫోన్లో మాట్లాడేదే అనుకుంటుందది. తెలుగులో ఈ చెట్టు కూడా ఉందని దానికి తెలీదు."

ఇది తీర్పా, కాదా? నేను గెలిచానా, ఓడానా? ఆనాటి పేజీలో తేదీ, హాజరు మాత్రమే ఉన్నాయి, మిగిలినదంతా ఖాళీ. నా రికార్డులలో ఖాళీ పేజీ అది ఒక్కటే.

నాలుగు రోజుల తరువాత నర్సుగారు ఫోన్ చేసింది. "మా అమ్మాయికి చదివి వినిపించానండి. ఆ పూలు రాలిపోతున్నాయి కదా, మళ్ళీ ఎప్పుడు పూస్తాయో మిమ్మల్ని అడగమంటోంది. మీరు డేట్లు రాస్తారుగా?"

నోటుపుస్తకం తెరిచాను. "ఒక్క ఏడాది చూసి ఎలా చెబుతానమ్మా? ఒక్క ఏడాది ఆధారం కాదు. వచ్చే ఏడు కూడా చూడాలి, ఆ పై ఏడు కూడా చూడాలి. అప్పుడు రాసి ఇస్తానని చెప్పు," అన్నాను కొంచెం విసుగ్గానే. ఫోన్ పెట్టేశాక గాని, నేనేమన్నానో నాకు అర్థం కాలేదు.

అమ్మాయి ఆఫీసునుంచి వచ్చాక నా టిక్కెట్టు రద్దు చేయమన్నాను. అది చేతిలో బ్యాగు కింద పెట్టకుండా నా ముఖంలోకి చూసి, "మీ కోసం లీవు పెట్టాను నాన్నా! ఆఫీసులో ఇచ్చేశారు కూడా!" అని తల పట్టుకుంది. చివరికి అది ఒక్కతే ఏలూరు వెళ్ళి, మూడు వారాలు అందరి ఇళ్ళలో భోజనాలు చేసి వచ్చింది. నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఇక్కడే ఉండిపోయాను. రెండో ఏడు ఆ చెట్టు పదకొండు రోజులు ఆలస్యంగా పూసింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. కానీ ఆ పొద్దున మొదటి పువ్వును చూసినప్పుడు ఒక్క సంగతి తెలిసింది: రుతువు ఒకసారి వస్తే అది మనకు జరిగిన సంఘటన మాత్రమే, అదే చోట నిలబడి దానిని రెండోసారి చూసినప్పుడే, మన కాలం అక్కడ మొదలవుతుంది.