సంబరానికి ముందు విప్పిన ఇంజను

మా ముత్తాతగారు మొఖాసాదారు. గజపతినగరం చుట్టుపక్కల కొన్ని ఊళ్ల శిస్తు అనుభవించే హక్కు ఆయనకు సంస్థానం వారు ఇచ్చారు. తాతగారు మా ఇంట్లో గుర్రమెక్కిన చివరి మనిషి, జీపు కొన్న మొదటి మనిషి. నాన్నగారు ఊరికి మునసబు, ప్రభుత్వం ఆ పదవులు ఎత్తేసేదాకా. ఇక నేను విజయనగరంలో ఒక ఎరువుల ఏజెన్సీలో బిల్లులు రాసేవాణ్ణి. ఉన్నదంతా పోయాక కూడా ఉన్నట్టే నిలబడి, ఉన్నట్టే మాట్లాడి, ఉన్నట్టే ఎవరి సాయమూ వద్దనే వయసొకటి మనిషికి వస్తుంది. నాకు అది ఇరవై అయిదేళ్లకే వచ్చింది. (మా వంశంలో అందరికీ పెందలాడే వస్తుందని మేనత్త అనేది. ఆవిడకైతే పుట్టుకతోనే వచ్చింది.)

ఏటా అమ్మవారి సంబరం నాడు ఊళ్లో ఘటాలు బయలుదేరితే వాటి ముందు మా ఇంటి బండి నడవాలి, ఇంటి పెద్దే దాన్ని తోలాలి. ముత్తాతగారి కాలంలో గుర్రం, తర్వాత జీపు. మాకు మిగిలిన మర్యాదల్లో ఊరు ఇంకా తలవంచేది దీనికొక్కదానికే. నాన్నగారు పోయాక నేను తోలవలసిన మొదటి సంబరం, రెండువేల పదమూడు ప్రాంతంలో, దగ్గరపడింది. అప్పటికి జీపు ఎత్తు ఎక్కలేకపోతోంది, వెనకాల నీలంగా పొగ వదులుతోంది. ఊళ్లో రోడ్ల పనులు చేసి పైకొచ్చిన కంకర కాంట్రాక్టరొకాయన ఇంటికే వచ్చి, అరుగు మీద సగమే కూర్చుని, ఎంతో వినయంగా అన్నాడు. "బాబూ, మీ జీపుకి ఓపిక నేదు. దార్లో ఆగిపోతే అమ్మోరికి అపచారం. ఈయేడు మా బండెట్టుకుందుం. మీరే ముందు సీట్లో కూకోండి. ఏసీ కూడా ఉన్నాది."

వినయంగా అనడమే నన్ను కాల్చేసింది. ఏసీ బండిలో ముందు సీట్లో కూర్చున్నవాడు వచ్చే ఏడు వెనక సీటుకీ, ఆ పై ఏడు రోడ్డు పక్కకీ వెళతాడని నాకు తెలుసు. "జీపుకేమీ లేదు. ఘటాల ముందు మా జీపే ఉంటుంది" అని లేచి నిలబడ్డాను. మా ఇంట్లో వంశస్థుడు లేచి నిలబడితే మాట అయిపోయినట్టు.

ఆ మాట నిలబెట్టడానికి నాకున్న బలగం మేనత్త కొడుకు. విజయనగరంలో సెల్‌ఫోన్ల షాపు నడిపేవాడు. బావ ఇంజను శబ్దం విని, పొగ చూసి, ఫోన్లో ఒక వీడియో పెట్టాడు. అది కాస్త నడిచి ఆగేది, గుండ్రంగా తిరిగేది, మళ్లీ నడిచేది. "పిస్టన్ రింగులు అరిగిపోనాయి బావా. పిస్టన్ సుట్టూ గాడుల్లో ఉంటాయి సూడు, ఆ ఇనప రింగులు. అవి పోతే ఆయిలంతా పైకొచ్చి మండిపోతాది. కొత్తవి ఎక్కిస్తే సాలు." షెడ్డుకి ఇవ్వడం నాకిష్టం లేదు. మా జీపు నట్లు ఊడి షెడ్డులో పడి ఉండగా నలుగురూ చూడటమా? పూర్వం గుర్రాలు కట్టిన సావిడిలో, తలుపులు మూసి, మేమే విప్పాం. ఇంజను పైమూతలా ఉండే హెడ్డు ఊడదీసి, కింద నుంచి బోల్టులు తప్పించి, మసిబారిన పిస్టన్లు నాలుగూ పైకి లాగి నులక మంచం మీద అరిటాకులో పెట్టాం. అప్పుడు చూసుకుంటే భయం వేసింది. అంతవరకు పొగ వదులుతూ అయినా నడిచే జీపు. ఇప్పుడది నోరు తెరుచుకున్న ఇనుము. ఎదురుగా సంబరం.

రింగుల సైజు కావాలి. ఇక్కడ నేను చేసిన పని ఇంకొకరు చేయరనుకుంటాను. మా ఇంట్లో ఉంగరానికైనా గాజుకైనా కంసాలే ఇంటికి వచ్చి దారంతో ఆది తీసుకునేవాడు. నేనూ పిస్టన్ చుట్టూ నల్లదారం చుట్టి, ముడివేసి, ఆది జేబులో పెట్టుకున్నాను. పాత రింగొకటి పట్టుకెళ్లమని బావ అన్నాడు. జిడ్డు కారే ఇనుము చేత్తో పట్టుకుని నేను బస్సెక్కడమా? పైగా విజయనగరంలో కొంటే తెలిసినవాళ్లు చూస్తారని శ్రీకాకుళం వెళ్లాను. అక్కడ నన్నెవరూ ఎరగరు. ఆటోలు కిక్కిరిసిన రోడ్డు మీద స్పేరుపార్టుల దుకాణం ముందు నిలబడి, మా వంశం పేరూ ఊరి పేరూ చెప్పాను. "అదెక్కడుంది బాబూ?" అన్నాడు దుకాణదారు. ఎవరూ ఎరగరనే వచ్చినవాణ్ణి, ఎరగనందుకు మొహం మాడ్చుకున్నాను.

"ఏటి కావాల?"

దారం తీసి కౌంటరు మీద పెట్టాను. ఆయన దాన్ని వేలికి తగిలించి పైకెత్తి చూశాడు.

"ఇదేటి, మొలతాడా?"

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇది పిస్టన్ ఆది అని వివరించాను. "పిస్టన్ పట్టుకురండి బాబూ, నేపోతే పాత రింగైనా పట్టుకురండి. దారానికి రింగులెలగిస్తాం?"

"మా ఇంటి వస్తువులు దుకాణాలకి రావు. దుకాణదారులే మా ఇంటికి వచ్చేవారు."

"అలగే వస్తాను బాబూ. జీపు పంపండి."

ఈసారి నవ్వు రోడ్డు దాకా వినిపించింది. ఆ నవ్వులో నిలబడలేక, "కొత్త జీపుకి ఏవి వేస్తారో అవే ఇవ్వండి" అన్నాను. మా జీపును ఎవరూ కోసి కుట్టలేదు, తాతగారు ఎలా కొన్నారో అలాగే ఉందని నా నమ్మకం. ఆయన ఇచ్చాడు. "సైజు తప్పితే మార్చుకోండి, ఇరగ్గొట్టకండేం" అని వెనక నుంచి అరిచాడు.

ఇంటికొచ్చి, వీడియోలో చెప్పినట్టు కొత్త రింగొకటి సిలిండరు లోపల పెట్టి చూశాం. రింగు రెండు కొసల మధ్య వెంట్రుకంత సందే ఉండాలట. మాకు చిటికెన వేలు దూరింది. బావ ఫోను వైపు చూశాడు, ఫోను గుండ్రంగా తిరుగుతోంది. "సిలిండర్లే అరిగిపోనాయేటో బావా" అన్నాడు నెమ్మదిగా. అదే అయితే చేయగలిగింది లేదు. ఎల్లుండి సంబరం. బయట డప్పులు వాయించి చూసుకుంటున్నారు. కాంట్రాక్టరు ఇంటికి వెళ్లి ఏమని మొదలుపెట్టాలో మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టాను. ఎలా కూర్చినా ఆఖర్న ఆయన "పర్నేదు బాబూ" అంటున్నాడు.

మర్నాడు తెల్లారి సావిడిలోకి వెళితే నులక మంచం ఖాళీ. పెరట్లో నూతి దగ్గర మా మేనత్త పీట వేసుకుని కూర్చుని, చింతపండు పెట్టి పిస్టన్లు తోముతోంది! దీపపు కుందులు తోమినట్టు తోమి, బోర్లించి, వరసగా ఎండబెట్టింది.

"అత్తయ్యా! అవి ఇంజనువి!"

"అయితే ఏటి? ఇంత మసి ఇంట్లో ఉంచుతారేట్రా? సంబరం పూట! మీ నాన్నుంటే ఊరుకునేవోడా?" అని, తోమిన పిస్టను వెలుగుకి తిప్పింది. "దీని నెత్తి మీద ఏటో అంకెలున్నాయి సూడు. నలభయ్యేటో."

బావ పరుగెత్తుకొచ్చాడు. మసి కింద నుంచి తేలిన అంకె అది. అరిగిన సిలిండర్లను చెక్కించి వెడల్పు చేయిస్తే, అందులోకి పెద్ద సైజు పిస్టన్లు వేసి ఇలా నంబరు కొడతారట. అంటే మా జీపు కడుపు ఎప్పుడో కోశారు, రింగులూ పెద్దవే కావాలి. కానీ ఎప్పుడు? అత్తయ్య చేతులు కడుక్కుంటూ అంది: "ఓ యేడు ఎలక్షన్ డ్యూటీకి కలెక్టరాఫీసోళ్లు అడిగినారని జీపుని నెల్లాళ్లు పంపేసినాడు మీ నాన్న. ఆ యేడు ఎలక్షన్లేవీ జరగనేదే అనుకున్నాను. అడిగితే కోప్పడతాడని ఊరుకున్నాను."

పిస్టనొకటి స్టీలు క్యారేజీలో పెట్టుకుని, వెనక్కివ్వవలసిన రింగులు చంకన పెట్టుకుని మొదటి బస్సెక్కాను. (పక్క సీటాయన "ఏటి కూర?" అని అడిగాడు.) దుకాణంలో ముందురోజు ఆయన లేడు. ఆయన తండ్రి, మందపాటి కళ్లద్దాల పెద్దాయన, కూర్చున్నాడు. క్యారేజీ విప్పి పిస్టన్ ముందు పెట్టాను. నా గోళ్లు నల్లగా ఉన్నాయి, చొక్కా మీద ఆయిలు ఉంది. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "డ్రైవరువా?" అన్నాడు.

వంశం పేరు నాలుక చివరదాకా వచ్చింది. మొలతాడు గుర్తొచ్చింది. రేపే సంబరం.

"అవునండి."

"ఎవుల జీపు?"

చెప్పాను. పెద్దాయన కళ్లద్దాలు పైకి జరిపాడు. "ఓహో, ఆ దొరగారిదా! మరి సెప్పవేటి! ఒరే, టీ పట్రండ్రా." డ్రైవర్లు వస్తే ఆ దుకాణంలో టీ ఇస్తారట, వంశస్థులకి ఇవ్వరు. నిచ్చెన వేయించి పై అటక మీంచి దుమ్ము పట్టిన పెట్టె తీయిస్తూ ఆయన అన్నాడు: "ఆ జీపుకి నీకంటే ముందో డ్రైవరుండీవోడు. పొడుగ్గా, కర్రలాగ నిటారుగా. కూకోమంటే కూకునీవోడు కాదు. రింగులకీ దానికీ ఆడే వచ్చీవోడు. దొరకి తెలీకండా బాగు సేయిత్తన్నాను, ఎవులికీ సెప్పకండనీవోడు. టీ మాత్రం తాగీవోడు. దొర గురించి ఒక్క తప్పు మాట ఆడనీవోడు కాదు. మంచోడు. బాగున్నాడా?"

టీ గ్లాసు నా చేతిలో వేడిగా ఉంది. "పోయారండి" అన్నాను.

"అయ్యో" అన్నాడు పెద్దాయన. పెట్టె మీది దుమ్ము దులుపుతూ, "మీ దొరకి అలాంటోడు మళ్లీ దొరకడు" అన్నాడు.

రింగులు సరిపోయాయి. కొసల మధ్య సందు వెంట్రుకంతే. పెళుసు ఇనుము, ఒక్కటి విరిగినా సెట్టంతా దండగ, ఇంకో సెట్టుకి వ్యవధి లేదు. నూనె డబ్బా రేకు కత్తిరించి రింగుల చుట్టూ బిగించి, పిస్టన్ని సుత్తి కర్రతో తడుతూ దింపుతుంటే బావ "అమ్మోరా, అమ్మోరా" అంటున్నాడు. ఏదీ విరగలేదు. కానీ సంబరం పొద్దున్న ఇంజను కొత్త రింగులతో బిగిసిపోయి స్టార్టు చేసే హ్యాండిలు తిరగనే లేదు. ఘటాలు నెత్తికెత్తుకుని ఆడవాళ్లు నిలబడ్డారు, డప్పులు మొదలయ్యాయి. అప్పుడు సావిడి తలుపు నెట్టుకుని ముందుగా లోపలికొచ్చింది కాంట్రాక్టరే. ఆయన మనుషుల్ని పిలిచి, తానూ తెల్లచొక్కాతోనే భుజం ఆనించి, "తొయ్యండ్రా! బాబూ, గేరులో ఎట్టండి!" అని అరిచాడు. సందు చివరన జీపు రెండు సార్లు ఉలికిపడి అందుకుంది. కొత్త రింగులు అలవాటు పడేదాకా తొందర పెట్టకూడదని వీడియోలో ఉంది కనక ఊరంతా నత్తలా నడిపాను. ఎంత హుందాగా తోలుతున్నాడో అచ్చు తండ్రిలాగే అని జనం అనుకున్నారు. నిటారుగా కూర్చున్నది మాత్రం హుందాతనంతో కాదు, ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంతో.

తిరిగొచ్చాక గుమ్మంలో మేనత్త నిలబడి ఉంది. "శ్రీకాకుళంలో మన పేరు సెప్పినావా?" అంది.

"చెప్పానత్తయ్యా."

"ఏటన్నారు?"

"టీ ఇచ్చారు."

"ఇవ్వరేటి మరి" అని లోపలికి వెళ్లింది. నాన్నగారు అక్కడ ఎవరుగా చెలామణి అయ్యారో ఆవిడకి నేను చెప్పలేదు. ఆ దుకాణంలో నాన్నగారూ నేనూ ఏదో ఒక రోజు ఒకరి పక్కన ఒకరం నిలబడి ఉంటే ఎవరు ఎవరిని దొరగారనేవారో అని ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, క్యారేజీలో పిస్టన్ పెట్టుకుని బస్సులో బిగుసుకు కూర్చున్న ఆ కుర్రాణ్ణి పిలిచి, కాస్త వెనక్కి జారబడి కూర్చోవయ్యా అనాలనిపిస్తుంది. అన్నా వినడు.

జీపు మరికొన్ని సంబరాలు నడిచింది. ఆ తర్వాత ఇంజను గజపతినగరంలో చెరుకు గానుగ నడిపే ఒకాయనకీ, మిగతాది పాత ఇనుము కొట్టుకీ అమ్మేశాం.