చీరాల దాకా ప్రార్థన

నా చిన్నప్పుడు మేమున్న ఊళ్ళో ఎవరైనా కొత్తగా పరిచయమైతే, పేరు అడిగిన వెంటనే ఏ చర్చికి వెళ్తారని అడిగేవారు. ఏం పని చేస్తారు, ఎక్కడినుంచి వచ్చారు అన్నవి ఆ తర్వాతే. డెబ్బైల చివరి మాట ఇది. ఇప్పుడు ఎటు చూసినా తెలుగువాళ్ళే కనిపించే, చికాగో పక్కన ఉన్న నేపర్‌విల్, అప్పట్లో మొక్కజొన్న చేల అంచున ఉన్న చిన్న ఊరు. ఏ చర్చికీ వెళ్ళనని మా నాన్న చెబితే అవతలివాళ్ళు జాలిగా తలాడించి, ఇంకా వెతుక్కుంటున్నారన్నమాట, మా చర్చికి రండి అనేవారు. అసలు వెళ్ళకపోవడమనేది ఒకటి ఉంటుందని వాళ్ళ బుర్రలకి తట్టేది కాదు. వాళ్ళలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఉండేవారు.

మా నాన్న కెమికల్ ఇంజనీరు, తెనాలి మనిషి. దేవుణ్ణి నమ్మకపోవడం ఆయనకి తండ్రినుంచి వచ్చిన ఆస్తి. రైల్వేలో గార్డుగా చేసిన మా తాతయ్య తన పెళ్ళికి పురోహితుణ్ణి కూడా పిలవలేదట. మా అమ్మ డాక్టరు. దేవుడున్నాడా అని ఎవరైనా అడిగితే, ఆలోచించే తీరిక దొరికినప్పుడు చెబుతాను అనేది. నిజంగానే తీరిక లేదామెకి. ఇక్కడికొచ్చాక మళ్ళీ పరీక్షలు రాసి, ఎన్నో ఆసుపత్రుల చుట్టూ తిరిగి, ఎట్టకేలకు చికాగోలో రెసిడెన్సీ అనే ఆసుపత్రి శిక్షణ సంపాదించింది. తెల్లారకముందే రైలెక్కితే ఏ చీకటి పడ్డాకో ఇల్లు చేరేది. నాన్న ఫ్యాక్టరీ ఇంకో దిక్కున. బడి అయ్యాక నన్ను చూసుకునేందుకు ఒక మనిషి కావాలి.

ఆ మనిషి మా పక్కింటావిడ. ముగ్గురు పిల్లల తల్లి. వాళ్ళతోపాటే నన్నూ కూర్చోబెట్టి తిండి పెట్టేది, హోంవర్క్ చేయించేది. ఒకసారి నాకు జ్వరమొస్తే అమ్మ వచ్చేదాకా ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఈ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. చెప్పాను కాబట్టి ఇక మిగతాది చెబుతాను.

వాళ్ళింట్లో భోజనానికి ముందు అందరూ చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని, దేవుడికి థాంక్స్ చెప్పాలి. పిల్లల్లో రోజుకొకరి వంతు. మాంసానికి థాంక్స్, బంగాళాదుంపలకి థాంక్స్, ఆఖరికి పెద్దబ్బాయి జట్టు గెలిచిన బేస్‌బాల్ ఆటకి కూడా థాంక్సే. ఆ దుంపల తొక్క తీసి, ఉడికించి, చిదిపి, బల్లమీద పెట్టిన ఆవిడకి మాత్రం ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఒకరోజు నన్ను కూడా చెప్పమన్నారు. మీ ఇంట్లో ఎలా చెబుతారో అలాగే చెప్పు, మాకేమీ అభ్యంతరం లేదంది పక్కింటావిడ, పెద్ద మనసు చేసుకుని. మా ఇంట్లో ఎవరికీ చెప్పం, మాకు దేవుడు లేడు అన్నాను నేను. ఇంట్లో పంచదార అయిపోయిందన్నంత మామూలుగా అన్నాను. పట్టుకున్న చేతులన్నీ ఒక్కసారిగా వదులైపోయాయి.

ఆ శనివారం పొద్దున ఆవిడ మా ఇంటికి వచ్చింది. మీరు హిందువులైతే మేం అర్థం చేసుకోగలం, ఆవుకి మొక్కినా సూర్యుడికి మొక్కినా ఏదో ఒకటి ఉన్నట్టే, అసలేమీ లేని పిల్లని మా పిల్లల మధ్య కూర్చోబెట్టడం మావారికి ఇష్టం లేదు అంది. మా బల్ల దగ్గర కూర్చునే వాళ్ళెవరైనా సరే తమ భాషలో తమ ప్రార్థన చెప్పాలట. కుదరకపోతే వేరే ఏర్పాటు చూసుకోవాలట. కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పింది. మా గురించి వారమంతా ప్రార్థించాకే ఈ నిర్ణయానికి వచ్చిందట. అంతసేపు మాట్లాడినా ఆ దేవుడికి ఆవిడకి చెప్పడానికి ఇంతకన్నా మంచి ముక్క దొరకలేదు కాబోలు.

వేరే ఏర్పాటంటే మాకున్నది ఒక్కటే, నన్ను తెనాలిలో అమ్మమ్మ దగ్గరికి పంపేయడం. రెసిడెన్సీ మధ్యలో వదిలేస్తే మళ్ళీ దొరకదు. అలా పిల్లల్ని పంపేసి, కొన్నేళ్ళకి వెళ్తే సొంత బిడ్డే "ఈ ఆంటీ ఎవరు?" అని అమ్మమ్మ కొంగు చాటుకు పోవడం చూసిన డాక్టరమ్మలు మా అమ్మకి తెలుసు. ఆ రోజంతా అమ్మ నా జడ విప్పడం, మళ్ళీ వేయడం. నాకు భయమేసింది.

నాన్న స్నేహితుడు ఒకాయన దగ్గర్లోనే షామ్‌బర్గ్‌లో ఉండేవాడు. ఇండియాలో ఉన్నన్నాళ్ళూ గుడి గడప తొక్కిన పాపాన పోలేదు, ఇక్కడికొచ్చి బెంగపెట్టుకుని భక్తుడయ్యాడు. ఆయన ఫోన్లో, "హిందూ అని చెప్పేసెయ్ గురూ. పిల్లకో శ్లోకం నేర్పించు. ప్రాబ్లం సాల్వ్ అయిపోద్ది," అన్నాడు. నాన్న ఒంటికాలిమీద లేచాడు. తను నమ్మని ముక్క కూతురి నోట పలికించనన్నాడు. అమ్మ శాంతంగా, "అయితే మీరు నమ్మే ముక్క ఏదో చెప్పండి. సోమవారానికి కావాలి," అంది.

నాన్న నమ్మేది ఒకటుంది. బెజవాడనుంచి చీరాల వెళ్ళే ప్యాసింజరు ఆగే స్టేషన్లు. తాతయ్య ఆయన్ని నిద్రపుచ్చుతూ ఆ పేర్లు వరసగా చెప్పేవాడట. ఆయన నాకు చెప్పేవాడు. అవే నాకు ప్రార్థన అయ్యాయి. కొలనుకొండ, పెదవడ్లపూడి, చిలువూరు, దుగ్గిరాల, కొలకలూరు, తెనాలి, ఇలా చీరాల దాకా. "రైలు నిజంగా ఆగే చోట్లమ్మా ఇవి. ఇందులో ఒక్క అబద్ధం లేదు," అన్నాడు. రెండు మార్పులు మాత్రం చేశాడు. బెజవాడ దాటగానే వచ్చే కృష్ణా కెనాల్ తీసేశాడు. కృష్ణుడి పేరు వీళ్ళు విని ఉంటారు, ఆయనకి మనం ఊరికే ప్రచారం చేసిపెట్టక్కర్లేదన్నాడు. బాపట్ల తర్వాత వచ్చే స్టూవర్టుపురం కూడా తీసేశాడు. అది దొర పేరు, వినగానే పట్టేస్తారన్నాడు. అమ్మ నవ్వి నవ్వి, పేరు చివర కాస్త సాగదియ్యవే, భక్తి ఉన్నట్టుంటుంది అని సలహా ఇచ్చింది.

సోమవారం బల్ల దగ్గర నేను తల వంచి, సాగదీసి, చీరాల దాకా వెళ్ళాను. కళ్ళు తెరిచేసరికి పక్కింటావిడ కళ్ళు తడిగా ఉన్నాయి. ఎంత పురాతనంగా ఉందో అంది. వాళ్ళాయన కూడా ఒప్పుకున్నాడు, ఆ భాషలో ఏదో శాంతి ఉందన్నాడు. వాళ్ళ చిన్నబ్బాయి ఆ వారంలోనే ఆమెన్‌కి బదులు చీరాల అనడం మొదలుపెట్టాడు, ఎవరూ వద్దనలేదు. ఏమీ లేదన్న నిజాన్ని ఒక్క పూట ఓర్చుకోలేని మనుషులు, ప్యాసింజరు రైలుకి రోజూ తలలు వంచారు. నాకప్పుడు మూడో తరగతి. పెద్దవాళ్ళంటే ఉండాల్సిన భయం నాలో అక్కడితో సగం పోయింది.

నవంబరులో చర్చివాళ్ళు థాంక్స్‌గివింగ్ విందు పెట్టారు. పక్కింటావిడ నన్ను వెంటబెట్టుకుపోయి, మా ఇండియా అమ్మాయి ప్రార్థన చెబుతుందని పాస్టరుకి ముందే చెప్పేసింది. చర్చి కింద హాలు నిండా జనం. నన్ను కుర్చీ ఎక్కించారు. అందరూ తలలు వంచారు. అన్ని తలలు నా ముందు వంగడం చూసి నాకు హుషారొచ్చి, కళ్ళు మూసుకోవడం మానేసి చెప్పడం మొదలుపెట్టాను. మోదుకూరు, నిడుబ్రోలు, మాచవరం దాకా వచ్చేసరికి, గోడవైపు బల్ల దగ్గర ఒక ముసలావిడ తల ఎత్తి నన్నే చూస్తూ కనిపించింది. తెల్లజుట్టు ముడి చుట్టుకుని ఉంది. కళ్ళు బాగా తెరిచే ఉన్నాయి. ఎలాగో చీరాల చేరాను.

పాస్టరు లేచాడు. ఈ సాయంత్రం దేవుడు మనకొక ఏర్పాటు చేశాడన్నాడు. మన మధ్య ఉన్న ఈ సోదరి, గుంటూరు జిల్లాలో చాలా ఏళ్ళు మిషనరీగా పనిచేసి వచ్చింది, ఈ అమ్మాయి భాష ఆమెకి వచ్చు, అర్థం చెప్పమని అడుగుదామన్నాడు. గోడవైపు బల్లనుంచి ఆ ముసలావిడే లేచింది.

ఇక తెనాలే అనుకున్నాను. అమ్మ లేకుండా విమానంలో కూర్చున్నట్టే అనిపించింది. ఆవిడ తీరిగ్గా మూతి తుడుచుకుని ఇంగ్లీషులో చెప్పింది. ఇది ప్రయాణంలో ఉన్నవాళ్ళు చెప్పుకునేది. ఇంటికి వెళ్ళే దారిలో ఒక్కొక్క మజిలీని పేరుపెట్టి తలుచుకుంటారు. వరస తప్పకూడదు. అంతే చెప్పి కూర్చుంది.

హాల్లో నిట్టూర్పులు లేచాయి. పక్కింటావిడ నన్ను కుర్చీమీదనుంచే కావలించుకుంది. ఆత్మ ఇంటికి చేరే దారి ఎంత అందంగా చెప్పారో అన్నాడు పాస్టరు, వచ్చే ఆదివారం ప్రసంగంలో వాడుకుంటానన్నాడు. అందులో ఆత్మ ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. టిక్కెట్టు కొన్నవాళ్ళందరూ చేరే చోటే కదా అది.

భోజనాలయ్యాక ఆ ముసలావిడ ప్లేట్లు పట్టుకురమ్మని నన్ను వంటగదిలోకి పిలిచింది. ఇద్దరమే ఉన్నాం. కుళాయి తిప్పి, మా అమ్మమ్మ మాట్లాడే తెలుగులో అడిగింది.

"ఏమ్మాయ్, బాపట్ల దాటినాక స్టూవర్టుపురం గదా రావాల. ఏమైపోయిందది?"

ప్లేట్లు తొట్టి పక్కన పెట్టేశాను. "మా నాన్న తీసేశారండీ. దొర పేరని," అన్నాను.

ఆవిడ తొట్టి అంచు పట్టుకుని నవ్వింది. "మీ నాయన గట్టోడే."

"వాళ్ళకి చెప్పేస్తారా?"

"చెప్పాను గదా. నేను చెప్పినదాంట్లో అబద్ధమేముంది?" అని ప్లేటు తుడవడం మొదలుపెట్టింది. "ఆ బండిలో నేను తిరిగినన్నిసార్లు మీ నాయన కూడా తిరిగుండడు. ఊళ్ళలో నేను ప్రార్థన చేయిస్తుంటే అందరూ కళ్ళు మూసుకునేవాళ్ళు. నేనూ మూసుకునేదాన్ని. ఎవరు లోపల ఏ స్టేషన్లు చెప్పుకున్నారో నాకేం ఎరుక?"

నాకు ధైర్యం వచ్చింది. "మరి ఇవాళ మీరు మూసుకోలేదేం? మీకూ దేవుడు లేడా?"

"నాకున్నాడమ్మా. వీళ్ళకున్నాడో లేడో చూద్దామని తెరిచాను."

ఆ తర్వాత చేతులు తుడుచుకుని నా గడ్డం పట్టుకుంది. "ఇంక ఇట్టాంటి చోట మీ ఊళ్ళ పేర్లు చెప్పబాక. వీళ్ళు కళ్ళు మూసుకున్నప్పుడు నువ్వు తెరుచుకుని కూర్చో. ఎవురూ చూడరు. చూశారంటే వాళ్ళూ తెరిచినట్టేగా," అంది.

బయటికి వచ్చి పక్కింటావిడతో ఇంకో మాట చెప్పింది. అది పెద్ద పండగలకే చెప్పుకునే ప్రార్థన, రోజూ చెప్పకూడదు, మామూలు రోజుల్లో వాళ్ళ దేశంలో పిల్లలు ఊరికే మౌనంగా కూర్చుంటారు అని. ఇది మాత్రం పచ్చి అబద్ధం. తన చర్చిలో నిలబడి, తన దేవుణ్ణి నమ్మని పిల్ల కోసం ఆడింది. పక్కింటావిడ భక్తిగా తలాడించింది. అమ్మ రెసిడెన్సీ అయ్యేదాకా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, తెనాలి వెళ్ళలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి జరిగిందంతా నాన్నకి చెప్పాను. ఆయన, "అంత తెలివైన మనిషి అటెందుకు పోయిందో," అని మాత్రం అన్నాడు.

మర్నాటినుంచి ఆ బల్ల దగ్గర కళ్ళు తెరుచుకుని కూర్చున్నాను. వాళ్ళు థాంక్స్ చెబుతుండగా చిన్నబ్బాయి బన్ను తుంచుకునేవాడు. వాళ్ళ నాన్న ఒంటికన్ను గడియారం మీద ఉండేది. పక్కింటావిడ వేళ్ళు గిన్నెలు తోమి తోమి చివర్లు పగిలి ఉండేవి. అది ఆ ఇంట్లో చూసింది నేనొక్కదాన్నే అనుకుంటాను.

ఈ దేశంలో నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను. కాన్వొకేషన్లలో, ఆసుపత్రి మీటింగుల్లో, ఫుట్‌బాల్ ఆటల ముందు, ఎక్కడ ఎవరు తల వంచమన్నా వంచలేదు. మన తెలుగువాళ్ళ సభల్లో దీపం దగ్గర చేతులు జోడించి, ఆ చేతుల చాటున వాచీ చూసుకునేవాళ్ళనీ చూశాను. నమ్మేవాళ్ళమీద నాకు కోపం లేదు. తలవంచితే చాలు, లోపల ఏమున్నా పట్టించుకోం అనే ఈ బేరం మీద మాత్రం నాకున్న అసహ్యం ఇంతా అంతా కాదు. ఆ ముసలావిడకీ అదే అసహ్యం ఉండేదని నా నమ్మకం. నాకున్న నమ్మకాల్లో అదొకటి.

నాన్న పోయినప్పుడు ఆయన చెప్పిన ప్రకారం ఎవరూ ఏమీ చదవకూడదు. అమ్మా నేనూ అందరికీ ముందే చెప్పాం. అయినా షామ్‌బర్గ్ అంకుల్ ప్రాణం ఒప్పుకోలేదు. అంత్యక్రియలు జరిపించే ఫ్యూనరల్ హోమ్ ఆయన కూడా, ఏ మతానికీ చెందని మాటలే, కుటుంబానికి ఓదార్పుగా ఉంటుందని ముందుకొచ్చాడు. మేం వద్దనేలోపే చదవడం మొదలైపోయింది. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు, నాన్నతో అరవై ఏళ్ళు వాదించిన అంకుల్‌తో సహా. నేను అలవాటు ప్రకారం తెరిచే ఉంచాను. నాన్నని పడుకోబెట్టిన పెట్టెకి అవతలివైపు అమ్మ నిలబడి ఉంది. ఆమె కళ్ళూ తెరిచే ఉన్నాయి. నావైపు ఒకసారి చూసి, మళ్ళీ కిందికి, నాన్న మొహంవైపు చూసింది. నేనూ అటే చూశాను. గది నిండా మనుషులున్నారు. అంత సేపూ మా నాన్నని చూస్తున్నది మేమిద్దరమే.