పెగ్ చాపిన చెయ్యి

ఐర్లండ్‌లో కెర్రీ కొండల కిందున్న ఆ ఊళ్లో ఎవరు పోయినా ఫింటన్ బ్రాస్నన్ చెయ్యి ముందుండాల్సిందే. పాలలారీ నడిపి నడిపి కాయలు కాసిన పెద్ద చెయ్యి. దాన్ని ప్యాంటుకు తుడుచుకుని, పోయినవాళ్ల బంధువుల చేతులు ఒక్కొక్కటే గట్టిగా పట్టుకుని, "ఎంత కష్టం వచ్చింది!" అనేవాడు. "మెల్లగానయ్యా, ఇంకో శవం లేచేట్టుంది" అని వెనక ఎవరో ఒకరు గొణిగేవారు. కరోనా వచ్చిన ఏడు పక్కింటి టిమ్ పోయాడు. చర్చిలోకి పదిమందినే రానిచ్చారు. మిగతా ఊరంతా రోడ్డు పొడవునా ఎడంఎడంగా నిలబడింది. శవం బండి ఫింటన్ గేటు ముందు కాసేపు ఆగింది. టిమ్ భార్య పెగ్ వెనక కారులోంచి దిగి వచ్చి, అతనికి చెయ్యి చాపింది. ఫింటన్ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, "వద్దు పెగ్, నీకేమన్నా అయితే..." అన్నాడు. ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, కోటు బొత్తాం సర్దుకుని వెనక్కి వెళ్లిపోయింది.

తర్వాత ఎప్పుడు ఎదురుపడ్డా పెగ్గే, "మంచిపనే చేశావయ్యా, ఇంట్లో మీ అక్కకసలే గుండెజబ్బు" అనేది. నిజమే, ఆ వీధిలో ఎవరికీ రోగం అంటలేదు. కానీ ఆమె మళ్లీ చెయ్యి చాపలేదు. అడిగే మొహం అతనికీ లేకపోయింది. మొన్న పెగ్ పోయింది. వాళ్లింటి ముందుగదిలో శవపెట్టె తెరిచి ఉంచారు. ఫింటన్ అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, జపమాల చుట్టిన ఆమె చేతిమీద వేశాడు. వెనక, చూడవచ్చినవాళ్ల వరుస గుమ్మం దాటి రోడ్డెక్కింది. "ఇక జరగవయ్యా ఫింటన్" అన్నారెవరో. అతను మాత్రం, ఇంకాసేపు పట్టుకుంటే ఆ చెయ్యి వేడెక్కుతుందన్నట్టు, అలాగే నిలబడి ఉన్నాడు.