మాఫీ అడగడానికి పోయిన రోజు

నా ఉద్యోగం నా బిడ్డకు వచ్చింది. బొగ్గుబాయి కాలనీల్లో ఇది మామూలే. తండ్రి ఇక గనిలోకి దిగలేడని డాక్టర్లు తేలిస్తే, ఆ కొలువు పిల్లల్లో ఒకరికి ఇస్తారు. నా ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరింది, బీటెక్ చదివి ఖాళీగా ఉన్న బిడ్డకు దారి దొరికింది. మొదట ఆమెను ఆఫీసులో వేశారు. ఫైళ్లు అందించడం, సార్లకు చాయ్ ఇవ్వడం. నీడ పట్టున ఫ్యాను కింద పని. దాని కోసం సగం కాలనీ పైరవీలు చేస్తుంది. మా ఇంటావిడ కొండగట్టుకు పోయి మొక్కు చెల్లించి వచ్చింది.

ఆ సుఖం మా పిల్లకు పడలేదు. నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో ఆడపిల్లలకు డంపర్ నడపడం నేర్పుతారని తెలియగానే, నాకు మాట మాత్రం చెప్పకుండా పేరిచ్చింది. బొగ్గూ మట్టీ మోసే, ఇల్లంత ఎత్తు బండి అది. కొన్నాళ్లు నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె బతిమాలనూ లేదు, ఎదురు చెప్పనూ లేదు. నా ముందు అన్నం పెట్టి ట్రైనింగుకు పోయేది. ఈ కాలం పిల్లలతో కొట్లాడడం కూడా కష్టమే.

ఆమె బండెక్కిన కొత్తలోనే, ఒక సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర నా పాత దోస్తు ఒకడు నవ్వుకుంటూ కబురు మోసుకొచ్చాడు. పొద్దటి షిఫ్టులో నా బిడ్డ డంపర్ నడపనని దిగిపోయిందట. బ్రేకు ఆలస్యంగా పడుతోందని చెప్పిందట. షిఫ్ట్ ఇన్‌చార్జి అరిచాడట. ఆ బండిని ఆమెతో పాటు చేరిన ఇంకో ఇద్దరికి ఇవ్వబోతే వాళ్లూ ఎక్కలేదట.

ఆమె నౌకరీ ఇంకా పర్మినెంట్ కాలేదు. కాగితం మీద ఒక్క మాట పడితే, నా ఊపిరితిత్తులు పెట్టి సంపాదించింది పోతుంది. మేము గని కప్పు నుంచి పెళ్లలు రాలుతున్నా, మా పని చూసే సర్దార్ పొమ్మంటే మైసమ్మకు దండం పెట్టుకుని లోపలికి నడిచినవాళ్లం. ఎవరైనా కుర్రాడు నోరు జారితే, మర్నాడు వాళ్ల బాపు వచ్చి సర్దార్ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. నా కోసం మా బాపు అట్లా నిలబడ్డాడు. అంతటితో సంగతి ముగిసేది.

అందుకే తెల్లవారి, ఆమెకు చెప్పకుండా ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను.

ఆ ఇన్‌చార్జి ఒకప్పుడు నా వెంట గనిలో కప్పుకు ఊతం పెట్టే కట్టెలు మోసినవాడే. పరీక్షలు రాసి పైకి వచ్చాడు. నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు, కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు. చిన్నపిల్ల, తెలియక అన్నది, మనసులో పెట్టుకోవద్దని చేతులు జోడించాను.

అతను నా చేతులు పట్టుకుని కిందికి దించాడు.

"నిన్న నాకూ కోపమొచ్చింది అన్నా, అరిచిన. కానీ నువ్వు మాఫీ అడిగితే గా పిల్ల తప్పు చేసినట్టు అయితది. రేపు గసొంటి బండిని ఇంకెవ్వరు ఆపరు."

బండిని వర్క్‌షాపుకు పంపామని, ఆమె మీద ఏమీ రాయలేదని, ఫికర్ పెట్టుకోకుండా ఇంటికి పొమ్మని చెప్పాడు. బయటికి వచ్చాను. సంతోషపడాలి కదా, నాకు కోపమే వచ్చింది. నాకు బుద్ధి చెప్పినందుకు వాడి మీద. నా అవసరం లేకుండానే నిలబడ్డందుకు బిడ్డ మీద.

కాలనీలో ఏ మాటా దాగదు. షిఫ్టు దిగి వచ్చేసరికే నేను పోయిన సంగతి ఆమెకు తెలుసు. మొహం కడుక్కుని వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. నిలదీస్తుందనుకున్నాను.

"బాపూ, మీ కాలంల కప్పు మంచిగ లేకుంటే, లోపటికి పోమని ఒక్కలన్న అన్నరా?"

నాతో పాటు దిగి మళ్లీ పైకి రాని వాడొకడు గుర్తొచ్చాడు. వాడి రాత అట్లా ఉందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ పొద్దున కప్పు కూలబోతున్నట్టు పలికిన తీరు వాడికీ నాకూ తెలుసు.

"అనలే బిడ్డా," అన్నాను. "అనచ్చని మాకు తెల్వదు."